కుడివైపు గదులు

తెల్లారి పారతో పందుల కొట్టంలోకి దిగగానే ఆమె ముందు చూసేది పెంటనే. పాలు మాన్పించిన పందిపిల్లల కడుపు ఎలా ఉందో వాటి ముఖం చూస్తే తెలియదు, నేల చూస్తే తెలుస్తుంది. పెంట గట్టిగా ఉంటే ఆ పూటకు గండం గడిచినట్టే. పదకొండేళ్ళుగా ఆ నేల కడిగింది ఆమె, చచ్చిన పిల్లల్ని మోసిందీ ఆమే. "పెంట ఎత్తడానికి చదువొకటి కావాలా!" అని అత్త నవ్వేది. మొగుడు ఇంకో మెట్టు పైన: "నువ్వు పని చెయ్, ఆలోచించడం నాకొదిలెయ్." సరేనని వదిలేసింది, పాపం. ఎప్పుడు మొదలుపెడతాడా అని ఇప్పటికీ చూస్తోంది.

ఈసారి పిల్లల విరేచనాలు తగ్గడానికని పశువుల డాక్టరమ్మ సముద్రపు నాచు పొడి ఇచ్చింది. ఎడమవైపు గదుల్లోని పిల్లలకు దాణాలో కలపాలి, కుడివైపు వాటికి కలపకూడదు. తేడా కనిపిస్తేనే ఇక ముందు కూడా పంపిస్తారు. పుస్తకంలో రాసే పెత్తనం మొగుడిది.

అయిదోరోజుకే ఎడమవైపు విరేచనాలు కట్టాయి. కుడివైపు పారుతూనే ఉన్నాయి. ఎనిమిదోరోజు కుడివైపు తొట్లలోనూ నీచు వాసన! అడుగున వేలు పెట్టి చూస్తే పొడే. నాలుగు రోజుల్లో అక్కడా నేల పొడిబారింది.

"డాక్టరమ్మ వచ్చేసరికి అన్నీ బాగుండొద్దూ? మన పరువేంగాను?" అన్నాడు మొగుడు, ఎందుకు కలిపావని అడిగితే. పుస్తకంలో మాత్రం ఆ గదులకు "ఉత్త దాణా" అనే రాసుకొచ్చాడు.

ఇవాళ డాక్టరమ్మ ఆ పుస్తకం తిరగేసి పెదవి విరిచింది. "రెండువైపులా తగ్గిపోయిందిగా. అయితే ఇది పొడి గొప్పేం కాదు. ఆపేద్దాం."

"నేనూ అదే అనుకున్నానండీ," అన్నాడు మొగుడు తల పంకిస్తూ.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పొడి ఆగితే వచ్చే ఈతలో మళ్ళీ పిల్లలు చస్తాయి. ఈయన పుస్తకంలో ఒక గీత కొడతాడు, మోసేది తను.

"కుడివైపు కూడా పొడి కలిసింది డాక్టరుగారూ. కలిశాకే తగ్గింది."

"దానికేం తెలుసండీ..." అని అడ్డొచ్చాడు మొగుడు.

"రోజూ ఆ గదులు కడిగేదెవరు?" అని డాక్టరమ్మ అతన్నే అడిగింది.

"ఇలా ఇవ్వండి," అంటూ డాక్టరమ్మ చేతిలోంచి ఆమె పుస్తకం అందుకుంది. ఎనిమిదోరోజు దగ్గర "ఉత్త దాణా" కొట్టేసి, పక్కన నింపాదిగా రాసింది: "పొడి కలిపింది నా భర్త. చూసింది నేను. ఇకనుంచి రాసేదీ నేనే."