నీళ్ళు రుచి చూసే మనిషి

కోడూరు దాటాక ఉన్న మా పొలాలకి కాలువ నీళ్ళు రాక పద్దెనిమిది రోజులైంది. నారుమడి నెర్రెలిచ్చింది. అది పోతే ఈ ఏడు ఊడ్పులు లేనట్టే. మళ్ళీ నారు పోద్దామన్నా అదును దాటిపోయింది. ఇక దిక్కల్లా మురుగు కాలువే. దాంట్లో నీళ్ళున్నాయి గానీ, సముద్రం పోటు మీదుంటే ఉప్పు ఎగదన్నుతుంది. అందుకే ఎవరు ఇంజిను పెట్టాలన్నా ముందు మా ఆయన్ని పిలుస్తారు. బసవయ్య గారు పుక్కిట పట్టి చప్పగా ఉన్నాయంటే ఇక తిరుగులేదు.

ఆ పొద్దున మా మడికే పెట్టబోతూ పుక్కిలించి ఉమ్మి, "చప్పగానే ఉన్నాయే" అన్నారు. ఇంజిను స్టార్టయ్యింది. పైపు దగ్గర మొహం కడుక్కుంటుంటే నా పెదవికి ఉప్పు తగిలింది.

పరిగెత్తి ఇంజిను ఆపేశాను. అప్పటికే మడిలో ఓ మూల తడిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీకేమన్నా మతి పోయిందా? ఇవి చప్పటి నీళ్ళా?"

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు. "ఆ జ్వరం వచ్చి తగ్గిన కాణ్ణుంచి నాకు రుచి తెలియట్లేదు, రావమ్మా. ఇవాళన్నా తెలుస్తుందేమో అనుకున్నా."

జ్వరం తగ్గి ఆర్నెల్లు. ఈ ఆర్నెల్లూ నా పులుసు బాగుందంటూ మారు వడ్డించుకున్న మనిషి ఈయన. నా కోపం ఎటు పోయిందో గానీ ఏడుపొచ్చింది.

"నాకన్నా చెప్పొచ్చుగా."

"చెబితే ఇంకెవరూ పిలవరుగా" అన్నారు చిన్నగా.

ఇంతలో పక్క చేను సుధీర్ పైపు భుజానేసుకుని వచ్చాడు. "బాబాయ్, నీళ్ళు బాగున్నాయా? నేనూ పెట్టేస్తా."

ఆయన పరువు కాపాడదామని నేనేదో అబద్ధం ఆడబోయాను. ఆయనే అడ్డుపడ్డారు.

"నాకు రుచి పోయిందిరా. మీ పిన్నినడుగు. ఇకమీదట ఆవిడ చెబితే నేను చెప్పినట్టే."

పోటు తీసేదాకా ముగ్గురం గట్టు మీదే కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక కాలువలోకి దిగి దోసిట్లోకి తీసుకున్నాను. నేను తప్పు చెబితే రెండు మళ్ళూ మాడిపోతాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఇంత భయాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాడా అనిపించింది.

"నిదానంగా చూడు, తొందరేం లేదు" అన్నారు పక్కనే నిలబడి.

రెండుసార్లు పుక్కిట పట్టాను. "చప్పగా ఉన్నాయి" అన్నాను.

నిజమేనా అని ఆయన అడగలేదు. వెళ్ళి ఇంజిను స్టార్ట్ చేశారు.