చిట్టెలుక జడలో ఎవరెవరున్నారు

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? కూర్చుని వినండి. ఏమైనా తింటూ ఉంటే మాత్రం ముందు అది ముగించండి, లేదా పక్కన పెట్టేయండి. తర్వాత కడుపులో దేవుతోంది, ముందే చెప్పలేదేం అంటే ఎవరూ పూచీ కాదు.

ఈ కథ కత్తెర అనే అమ్మాయిది. చిన్నప్పుడు దొరికిన బొమ్మకల్లా గుండు గీసి, బొమ్మలు అయిపోయాక నిద్రపోతున్న బాబాయి మీసం మీదికి వెళ్ళింది. సగం మీసం పోయింది, పేరు మిగిలింది. అమ్మ లేదు, పిన్నీ బాబాయిలే పెంచారు. ఇప్పుడు మందుల షాపు పైన, అద్దాల తలుపున్న సెలూన్‌లో పని చేస్తోంది. అక్కడ ఆమెను వెతుక్కుంటూ వచ్చేది ఒకటే రకం వాళ్ళు, పలచటి జుట్టు వాళ్ళు. తడిస్తే నెత్తికి అతుక్కుపోయి, ఆరితే చెవుల పక్కన దారాల్లా వేలాడే జుట్టు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే. లేనమ్మే కదా కత్తెర దగ్గరికి రావాలి!

వచ్చినవాళ్ళందరూ ఫోన్లో ఎవరిదో గుబురు తల చూపించి "లేయర్లు కొట్టమ్మా, ఒత్తుగా కనబడాలి" అంటారు. ఉన్నదే గుప్పెడు, దాన్ని మెట్లు మెట్లుగా కోస్తే కింద మిగిలేది అరిగిపోయిన చీపురు. కత్తెర ఒప్పుకోదు. గడ్డం దగ్గరో, మరీ ఏడిస్తే భుజానికి కాస్త పైనో, గీత గీసినట్టు ఒకే వరసలో కోసేస్తుంది. కొసలన్నీ ఒక్కచోట ఆగేసరికి అంచు దట్టంగా కనిపిస్తుంది. బరువు తగ్గి కుదుళ్ళు లేస్తాయి. ఇక ఏళ్ళ తరబడి ఒకే పక్క పడుకున్న పాపిడిని రెండో పక్కకి తోస్తే, వెంట్రుకలు అలిగినట్టు పైకి లేచి నిలబడతాయి. అద్దంలో అది చూసుకున్న మనిషి మొహం చూడాలి, అప్పుడు కత్తెర ఆకలి కూడా మరిచిపోతుంది.

ఆ మొహం ఒక్కసారైనా చెల్లెలి మీద చూడాలని ఆమెకి ఎంత ఆశో! పిన్ని కూతురు చిట్టెలుక. బడిలో దాని జడని ఎలకతోక అన్నారు, ఇంట్లో ముద్దుకి చిట్టెలుక అన్నారు, రెండూ ఒకలాగే గుచ్చుకున్నాయి. క్లాసు ఫోటోలన్నింట్లోనూ అది స్తంభం వెనకే ఉంటుంది. భయం వేస్తే జడ కొస నోట్లో పెట్టుకుని నములుతుంది. అలాంటి పిల్లకి గొంతు మాత్రం తేనె. ఆ గొంతు విని ఊళ్ళో టీవీ చానెల్ వాళ్ళు వాతావరణం వార్తలు చదవడానికి పరీక్షకి రమ్మన్నారు. శనివారం, కెమెరా ముందు.

"గడ్డం దాకా బాబ్ కట్ కొట్టేస్తా, నువ్వు కళ్ళు మూసుకుని కూర్చో చాలు," అంది కత్తెర.

"పొట్టిగా అయితే అసలు జుట్టే లేదనుకుంటారేమోనే అక్కా," అని జడ కొస నోట్లో పెట్టుకుంది చెల్లి.

సగం ఒప్పుకుంది. మిగతా సగం కూడా ఒప్పుకునేదే. కానీ గురువారం సాయంత్రం పిన్ని అలమారలోంచి ఒక బిస్కెట్ డబ్బా తీసి, నవ్వు ఆపుకుంటూ మూత తెరిచింది. లోపల సవరం. నల్లగా నిగనిగలాడుతూ, చేతి మణికట్టంత లావు, పైన నల్లదారంతో గట్టిగా కట్టి ఉంది.

"ఎక్కడ కొన్నావే అమ్మా!" అంటూ ఎగిరి గంతేసి, దాన్ని జడకి ఆనించుకుని అద్దం ముందు నిలబడిపోయింది చెల్లి.

"కొనడమా? నేనే చేశా," అంది పిన్ని. ఆ మాట దగ్గరే ఆగి అడగాల్సింది కత్తెర. అడగలేదు. పనితనం చూసి ముచ్చటపడి చేతిలోకి తీసుకుని, అలవాటుగా వాసన చూసింది. పైన మల్లెనూనె. దాని అడుగున ఇంకేదో, తుడిచి పిండకుండా బకెట్లో వదిలేసిన గుడ్డ వాసన.

"రేపు సెలూన్‌లో కడిగి సెట్ చేసి తెస్తా పిన్నీ," అంది.

"అక్కర్లేదే, శుభ్రంగానే ఉంది," అంది పిన్ని కొంచెం తొందరగా. అయినా కత్తెర సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళింది.

ఇక ఇక్కడి నుంచి ముక్కు పట్టుకోండి.

మర్నాడు జనం తగ్గాక కత్తెర సవరాన్ని వెనకగదిలో బేసిన్‌లో వేసి, గోరువెచ్చటి నీళ్ళు పోసి షాంపూ రుద్దింది. నీళ్ళు నల్లబడ్డాయి. మళ్ళీ పోసింది, మళ్ళీ నలుపే. రంగు వేశారన్నమాట! మూడోసారికి నలుపు వదిలి, పైకి తెల్లటి తెట్టు తేలింది. వేలితో తాకితే జిగురుగా సాగింది. పాత సబ్బు, వెంట్రుకల్లోనే ఊరి ఊరి పాకంలా మారిన సబ్బు. దారం విప్పేసరికి లోపలి పొర బయటపడింది. బూడిదరంగు ఉండలు. వాటిలో ఇరుక్కున్న టూత్‌బ్రష్ పోగు, గాయానికి అంటించుకునే ప్లాస్టర్ ముక్క, దాని మీద ఇంకా ఎవరిదో ఎండిన మచ్చ, చంద్రవంకలా ఒక గోరు. గోరు! బేసిన్ అంచు పట్టుకుని నిలబడింది కత్తెర. 

వెనకే సెలూన్ మేడమ్ వచ్చి తొంగిచూసింది. "అమ్మాయ్, ఏ జంతువే అది? బతికుందా, పోయిందా?"

"మా ఇంటి నుంచి తెచ్చిందండీ," అంది కత్తెర, ఊపిరి బిగబట్టి.

"మీ ఇంటికి భోజనానికి మాత్రం పిలవకు తల్లీ," అని మేడమ్ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు రంగు వదిలిన వెంట్రుకలు దేనికది తేలి కనిపిస్తున్నాయి. తెల్లవి, ఇంట్లో తాతయ్యవి అనుకుందామన్నా ఆయనకి బట్టతల. ఉంగరాలు తిరిగినవి, ఇంట్లో ఎవరికీ లేనివి. గోధుమరంగువి. వాటి మధ్య నుంచి ఒక పాయ మెరిసింది. వంకాయరంగు. కత్తెర దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి వెలుతురులో పట్టుకుంది. ఈ రంగు తన చేత్తో కలిపిందే! బ్యాంకు మేడమ్ పట్టుబట్టి వేయించుకుని, నెల తిరక్కుండా ఏడ్చి కోయించుకున్న వంకాయరంగు. ఈ గదికి అవతల, రెండో కుర్చీ కింద పడిన జుట్టు.

సరిగ్గా అప్పుడే అన్నం క్యారియర్‌తో పిన్ని వచ్చింది. రోజూ వస్తుంది. కత్తెర తినే దాకా ఊరికే కూర్చోలేక చీపురు అందుకుని నేల ఊడుస్తుంది, ఆ చెత్త "మొక్కలకి మంచి ఎరువు" అని సంచిలో కట్టుకుని పోతుంది. సెలూన్‌లో అందరికీ తలలో నాలుక. ఆ నాలుక ఎవరెవరి తలలు వెతుకుతోందో ఇవాళ తెలిసింది.

"అయ్యో అయ్యో, రంగంతా పోగొట్టావటే!" అని పిన్ని బేసిన్ మీద పడింది.

"రంగు సంగతి తర్వాత. ఇది ఎవరిది పిన్నీ?" కత్తెర గొంతు తగ్గించింది. అవతల కుర్చీల్లో జనం ఉన్నారు.

"ఎవరిదేమిటే, మన చిట్టెలుకది. రాలినదల్లా బాత్రూమ్ తూములోంచి తీసి దాచా. వంచిన తీగ ఒకటి ఉంది నా దగ్గర, ఎంత లోపలున్నా వస్తుంది."

"మన తూములోకి పైవాటా వాళ్ళ నీళ్ళు కూడా వస్తాయి కదా!"

"వస్తాయి. అందుకే కదా త్వరగా పోగైంది," అంది పిన్ని సంబరంగా. "దాని ఒక్కదాని జుట్టుతో చేస్తే అదీ ఎలకతోకే అయ్యేది. చాలకపోతే ఇక్కడివి కలిపా. ఏం, జుట్టేగా? వేడినీళ్ళలో ఉడకబెట్టా."

"దేంట్లో ఉడకబెట్టావు?"

పిన్ని క్యారియర్ మూత తీసింది. "పప్పు చల్లారిపోతోంది, తిను ముందు."

ఆ చేతులే. ఆ వేళ్ళే తూములోకి దిగి, ఆ వేళ్ళే పప్పులో అన్నం కలిపి ముద్ద చేసి పెడుతున్నాయి. గోళ్ళ చివర ఇంకా నల్లరంగు. గిన్నె వైపు చూసింది కత్తెర. అంత సవరం ఉడకబెట్టడానికి పట్టే గిన్నె ఇంట్లో ఒక్కటే, రోజూ పప్పు ఉడికేదీ అందులోనే. 

"పిన్నీ, చిట్టెలుక దీని కొస నోట్లో పెట్టుకుంటుంది. నములుతుంది. తెలుసా నీకు?"

పిన్ని చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ముద్ద గిన్నెలో పెట్టేసి, తడిసిన సవరాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తువ్వాలులో చుట్టుకుంది. "దాన్ని ఎవరైనా ఎలకతోక అన్నప్పుడల్లా ఒక్కో పోగు దాచా. నిన్న అద్దం ముందు నుంచి కదిలిందా అది? చెబితే చెప్పు. కానీ అది మళ్ళీ స్తంభం వెనక్కి పోతే ఆ పాపం నీదే." తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నీకూ ఒకటి మొదలుపెట్టానే. చెప్పకూడదనుకున్నా."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి దాన్ని మళ్ళీ నల్లగా చేసి తీగ మీద ఆరేసింది పిన్ని. అది ఆరడమే ఆలస్యం, చెల్లి పెట్టేసుకుంది. జడ ముందుకి వేసుకుని, వెనక్కి విసురుకుని, ఒక్కో భంగిమలో ఫోటో తీసి స్నేహితులకి పంపిస్తోంది. స్తంభం లేదు, చేతులు అడ్డం లేవు. "అక్కా, నా ఫ్రెండ్ చూడు, ఎవరి జడే ఇంత లావు అంటోంది!" అని పకపకా నవ్వింది. ఎవరి జడో చెప్పడానికి నోరు తెరిచింది కత్తెర. అప్పుడే జడ కొస చెల్లి పెదాల మధ్యకి వెళ్ళింది. తెరిచిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కత్తెర బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. అక్కడ తూము పక్కన గోడకి ఆనించి వంచిన తీగ ఉంది, దాని కొనకి తడి తడిగా వెంట్రుకల ఉండ, ఇవాళ్టిది.

శనివారం పొద్దున పిన్ని, చెల్లి ఇద్దరూ సెలూన్‌కి వచ్చారు. చెల్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కత్తెర మెడకి కేప్ గుడ్డ కట్టి జడ విప్పింది. సవరం ఊడి ఒళ్ళో పడింది, చెల్లి దాన్ని పిల్లిపిల్లని నిమిరినట్టు నిమురుతోంది. తలమీద మిగిలిన అసలు జుట్టుని కత్తెర దువ్వింది. మెత్తటి, శుభ్రమైన, చెల్లెలి సొంత జుట్టు. పాపిడి అటు మార్చి వేలితో ఎత్తింది. జుట్టు లేచి నిలబడింది. గడ్డం దగ్గర మడిచి పట్టుకుని చూపించింది.

"చూడవే, కోస్తే ఇలా ఉంటుంది. బాగుంది కదా?"

చెల్లి అద్దంలోకి తేరిపార చూసింది. "బాగుందే. నిజంగా బాగుంది. కానీ కోసేస్తే ఇక సవరం పెట్టుకోలేను కదా? అమ్మ ఇన్నేళ్ళు కూర్చుని చేసింది." సోఫాలో ఉన్న పిన్ని వైపు చూసి నవ్వింది. పిన్ని నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కత్తెర మొహంలోకే చూస్తోంది. ఆ గోళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"కెమెరా ముందు ఇదే నయం," అంది కత్తెర.

"ఎందుకు నయం? సవరం ఎందుకు వద్దు? ఒక్కటంటే ఒక్క కారణం చెప్పు అక్కా, ఇప్పుడే కోయించేసుకుంటా. లేదంటే జడ వేసెయ్. నువ్వు ఏది చెబితే అది."

టీవీ వాళ్ళ దగ్గరికి బయలుదేరే వేళయింది. భయం పుట్టింది పిల్లకి, ఆలోచిస్తూ ఒళ్ళోని సవరం కొస అందుకుని మెల్లగా నోట్లో పెట్టుకుంది. నములుతోంది. కిటికీ ఎండకి ఆ కొసలో, ఎంత రంగు వేసినా చావని వంకాయరంగు పోగు ఒకటి తళుక్కుమంది.

కత్తెర చేతిలో కత్తెర తెరుచుకునే ఉంది. వెనక అద్దంలో పిన్ని కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. ముందు అద్దంలో చెల్లి దవడ కదులుతోంది.

ఆ ఒక్క కారణం, మీరైతే చెబుతారా?