రిమోట్‌కి కవరున్న బాక్సు

దేవానందం మా నాన్నకి మళ్ళీ ఒక బాక్సు అంటగట్టాడు.

సాయంత్రం ఎ.కొండూరు సచివాలయంలో పని ముగించుకుని, బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నాన్న టీవీ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఒక చిన్న నల్లడబ్బాకి వైర్లు తగిలిస్తున్నాడు. డబ్బా సబ్బుబిళ్ళంత ఉంది. దాని అట్టపెట్టె మీద మాత్రం ఒక కుటుంబం మొత్తం సోఫాలో కూర్చుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఏడాది తిరక్కుండానే ఇది రెండోది. ఇంట్లో ఉన్న పాత బాక్సులు రెండూ ఎక్స్ఛేంజి కింద వాడికే ఇచ్చేసి వచ్చాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. హ్యాండ్‌బ్యాగు మంచం మీదికి విసిరాను.

"దీన్లో కొత్తగా ఏముంది నాన్నా?"

"దీని లెవెలే వేరంటమ్మా. పాతవాటిలో కొన్ని రావంట. ఇందులో రానిదంటూ లేదంట."

"ఎవరు చెప్పారు?"

"దేవానందం."

మా నాన్న సుందరరాజు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఎవరైనా నోరారా 'మాస్టారూ' అంటే చాలు, ఇక వాళ్ళేం చెప్పినా నమ్మేస్తాడు. దేవానందం వినగడప నుంచి వచ్చి ఇక్కడ తిరువూరు హాస్టల్లో ఉండి నాన్న దగ్గరే చదువుకున్నాడు. ఆదివారం వస్తే భోజనం మా ఇంట్లోనే. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇప్పుడు బోసుబొమ్మ సెంటర్లో వాడికి టీవీల షాపుంది. మా పాత చర్చికి వాడే సెక్రటరీ, చర్చి యూట్యూబ్ ఛానెల్ నడిపేదీ వాడే.

పాత చర్చి అంటున్నానంటే దానికో గొడవుంది. పోయినేడు పాస్టరు అయ్యగారి బదిలీ దగ్గర సంఘం రెండు ముక్కలైంది. అయ్యగారు ఉండాలన్నవాళ్ళం మేం, పోవాల్సిందేనన్నది దేవానందం వాళ్ళ కమిటీ. ఇప్పుడు మేం రేకుల షెడ్డు కింద చెమటలు కక్కుతూ పాటలు పాడుకుంటున్నాం, వాళ్ళు గుడిలో ఏసీలు పెట్టించుకున్నారు. బజార్లో ఎదురుపడితే వందనాలు కూడా చెప్పుకోం. వాళ్ళ మొహం చూస్తేనే నాకు కడుపు మండుతుంది. నాన్న మాత్రం చర్చి గొడవ చర్చిదే, షాపు షాపే అంటాడు. ఆ మంచితనమే ఆ షాపుకి పెట్టుబడి.

రిమోట్ లాక్కుని నేనే చూశాను. పాతవాటిలో ఉన్న బొమ్మలే ఇందులోనూ వరసగా ఉన్నాయి. అవే సినిమాలు, అవే సీరియళ్ళు, అదే యూట్యూబ్. బొమ్మ కాస్త తేటగా ఉందేమో, మా పదేళ్ళ టీవీకి ఆ తేడా కూడా తెలిసి చావదు. రిమోట్ మీద మైకు గుర్తున్న బటన్ ఒకటి ఎక్కువుంది, అంతే. గాడిద గుడ్డేం కాదూ!

"నాన్నా, ఇది పేరు మార్చిన పాత బాక్సే. నిన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నాడు వాడు. అసలు నీకు ఏం రావట్లేదని ఇన్ని బాక్సులు కొంటున్నావు?"

నాన్న నా చేతిలోంచి రిమోట్ మెల్లగా తీసుకుని, మైకు బటన్ నొక్కిపట్టి, క్లాసులో హాజరు పిలిచేటప్పటి గొంతుతో అన్నాడు.

"మేరమ్మ సాక్ష్యం. తిరువూరు."

మేరమ్మ మా అమ్మ. పోయి రెండేళ్ళయింది.

తెర మీద ఎవరెవరో వచ్చారు. ఎక్కడిదో ఒక మేరమ్మ పాట పాడుతోంది. ఇంకెవరో పాస్టరమ్మ మైకు పట్టుకుని అరుస్తోంది. నాన్న ఒక్కొక్కటే కిందికి జరుపుకుంటూ చివరిదాకా చూశాడు.

"ఇందులో కూడా రాలా," అన్నాడు. రిమోట్ టీపాయ్ మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. మాలో సాక్ష్యం అంటే దేవుడు తనకి చేసిన మేలు నలుగురి ముందూ నిలబడి చెప్పడం. ఆపరేషనై లేచాక అమ్మ స్త్రీల కూటంలో చెప్పింది. దేవుడి సంగతి రెండు మాటల్లో తేల్చేసి మిగతాదంతా నాన్న మీద పడింది. "మా మాస్టారికి లెక్కలన్నీ వచ్చు గానీ ఎసట్లో బియ్యం ఎన్ని పొయ్యాలో రాదు. నేను హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ ఈయన అరటిపళ్ళు తిని బతికాడు. నవ్వకండమ్మా, అదుగో, వెనకాల నిలబడి ఆయనే నవ్వుతున్నాడు," అంది. కెమెరా అటు తిరిగితే నిజంగానే నాన్న నవ్వుతూ దొరికిపోయాడు. అది చర్చి ఛానెల్లో పెట్టారు. అమ్మ ఫొటోలు ఇంట్లో బోలెడున్నాయి, గొంతు మాత్రం ఆ ఒక్క వీడియోలోనే ఉంది. నేను చూస్తే తట్టుకోలేనని అమ్మ పోయాక దాని జోలికే వెళ్ళలేదు. నాన్న చూస్తున్నాడని తెలుసు. ఈమధ్య "రావట్లేదమ్మా" అంటుంటే బాక్సు సంగతనుకుని, రిమోట్ సరిగ్గా నొక్కు నాన్నా అని విసుక్కున్నాను. ఆయనది బటన్ల ఫోను, వెతుక్కోవడానికి ఇంకో దారి లేదు.

నా ఫోన్ తీసి చర్చి ఛానెల్ తెరిచాను. స్త్రీల కూటం వీడియోలు ఒక్కటి లేదు. నాన్న వాక్యం చదివిన ఆదివారాలు లేవు. మాతోపాటు షెడ్డుకి వచ్చేసిన అనిల్ కుమార్ పెళ్ళి కూడా లేదు. మా వైపు వాళ్ళ మొహాలు ఎక్కడున్నాయో ఏరి ఏరి తీసేశారు. అంటే బాక్సులో లోపం లేదు. లేని వీడియో కోసం మా నాన్న బాక్సుల మీద బాక్సులు కొంటున్నాడు, లేదని తెలిసినవాడే అమ్ముతున్నాడు.

"చెప్పులేసుకో నాన్నా," అన్నాను. బాక్సు, వైర్లు, ఆ నవ్వుల అట్టపెట్టె ఒక సంచిలో కుక్కి స్కూటీ తీశాను.

షాపులో ఎవరో రెడ్డిగూడెం మొగుడూపెళ్ళాలు కూలర్ బేరం చేస్తున్నారు. దేవానందం మమ్మల్ని చూసి కౌంటర్ వెనక నుంచే చేతులు జోడించాడు.

"రండి మాస్టారూ. రా షైనీ. ఏంటి, కనెక్టవట్లేదా?"

"దేవానందం గారూ, ఈ బాక్సు మిగతావాటికంటే ఎందులో గొప్పో నాక్కూడా ఒకసారి చెప్పండి."

గారు అనేసరికి వాడి మొహంలో రంగు మారింది. అయినా వ్యాపారం నోరు కదా, ఆగలేదు. ఫోర్‌కే అన్నాడు, ప్రాసెసరన్నాడు, నోటితో చెబితే ఏదైనా వస్తుందన్నాడు.

"ఏదైనా వస్తుందా?"

"ఏదైనా వస్తుంది."

గోడకున్న పెద్ద టీవీకి ఆ బాక్సే తగిలించి ఉంది. దాని రిమోట్ తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను.

"అయితే మా అమ్మ పేరు చెప్పు. రప్పించు చూస్తాను."

వాడు రిమోట్ వంక చూశాడు, కూలర్ వాళ్ళ వంక చూశాడు. "లోపలికొచ్చి మాట్లాడుకుందాం షైనీ," అన్నాడు.

"ఇక్కడే మాట్లాడు. ఇక్కడే అమ్మావుగా. ఎవరు తీశారు ఆ వీడియో?"

"కమిటీ తీర్మానమది. వెళ్ళిపోయిన కుటుంబాల వీడియోలు ఉంచొద్దన్నారు. నా ఒక్కడి నిర్ణయం కాదు."

"మా అమ్మ ఎక్కడికి వెళ్ళిపోయింది? మీ సమాధుల దొడ్లోనే ఉందిగా! చచ్చిపోయినావిడ ఏ పక్షంలో చేరిందని తీసేశారు?"

 కూలర్ వాళ్ళు బేరం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

"కనపడకుండా దాచావా, పూర్తిగా తీసేశావా?"

"తీసేశా."

"కెమెరా కార్డులో ఉండాలిగా?"

"దాని మీద క్రిస్మస్ ప్రోగ్రాం ఎక్కించాం. లేదు షైనీ. ఎక్కడా లేదు."

అప్పటిదాకా ఏదో మూల దొరుకుతుందనే ఆశతోనే అరుస్తున్నాను. ఆ మాటతో ఆశ పోయింది, కోపం మాత్రం పోలేదు.

"మరి ఈయన వచ్చి రావట్లేదురా అంటే బాక్సు పాతదైందని ఎందుకు చెప్పావు?"

"ఏం చెప్పమంటావు? మాస్టారి మొహం మీద ఆ మాట అనలేకపోయా."

"అనలేకపోతే నోరుమూసుకుని ఊరుకోవాలి. అమ్ముకుంటావా? ఒకటి చాలక ఇంకోటి అమ్ముకుంటావా? మా అమ్మ కలిపి పెట్టిన అన్నం తిన్న చేత్తోనే నొక్కావు కదరా ఆ బటన్! నీకు సిగ్గెందుకు లేదు?"

వాడు తల దించుకున్నాడు. ఇంకా చాలా అన్నాను. వాళ్ళ కమిటీని అన్నాను, ఏసీల్ని అన్నాను, వాడి పిల్లల్ని కూడా ఏదో అనబోయాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో షైనీ."

ఆయన మొహంలో కోపం లేదు. అది చూసి నాకు ఇంకా మంటెత్తింది. నాన్న కౌంటర్ దగ్గరికి వెళ్ళి, తెలియని లెక్క అడిగే పిల్లాడిలా అడిగాడు.

"అయితే ఇందులో రాదురా?"

"రాదు మాస్టారూ."

"ముందు ముందు వచ్చేవాటిల్లో?"

"దేన్లోనూ రాదండీ."

నాన్న కాసేపు కౌంటర్ అద్దం మీద వేలితో గీతలు గీశాడు. నేను ఎంత అరిచినా తొణకనివాడు దేవానందం, ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఏడవనీ. దానికి నేను కరగలేదు.

"సరే, ఇదొద్దు," అన్నాడు నాన్న. "నా పాతది నాకిచ్చెయ్యి."

"ఏదండీ? నల్లదా, తెల్లదా?"

"అన్నిటికంటే పాతది. రిమోట్‌కి కవరుంటది."

ఆ కవరు అమ్మ తొడిగింది. పచ్చళ్ళ చేత్తో తనే ముట్టుకుంటానని ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరుబ్యాండ్ వేసింది. దేవానందం బల్ల కింద నుంచి ఒక అట్టడబ్బా లాగాడు. నిండా పాత బాక్సులు, చిక్కుపడ్డ వైర్లు. వెతుకుతూ వెతుకుతూ ఆగాడు.

"మాస్టారూ, వచ్చినవి వచ్చినట్టే రీసెట్ కొడతాం మేము. మీదీ కొట్టేశానేమో గుర్తులేదు."

నాన్న గబుక్కున ముందుకి వంగాడు. వీడియో లేదన్నప్పుడు కూడా ఆయన అంత కంగారుపడలేదు. ఎందుకో నాకు తెలియలేదు.

"తగిలించు," అన్నాడు. "తగిలించి చూపించు ముందు."

అడుగునుంచి దొరికింది. కవరు లోపల పసుపు మరక అలాగే ఉంది. దేవానందం గోడ టీవీకి ఆ పాత బాక్సు తగిలించాడు. అది లేవడానికి నిమిషం పట్టింది. నాన్న కవరు మీద నుంచే నొక్కుకుంటూ యూట్యూబ్‌లో వెతికే చోటికి వెళ్ళాడు. పైన గళ్ళగళ్ళగా అక్షరాలు, కింద ఇదివరకు వెతికినవాటి వరస. ఆ వరసలో మొదట ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ పేరుంది. పక్కనే సాక్ష్యం అని ఉంది.

"ఉంది," అన్నాడు నాన్న. కౌంటర్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి నాన్నా అది?"

"మీ అమ్మ కొట్టింది. తనని తాను చూసుకోడానికి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది, అప్పుడు నేను పక్కనే ఉన్నా. నాకు ఇందులో కొట్టడం రాదుగా. పొద్దున్నే దీని మీద నొక్కితే వచ్చేది."

"మరి ఎందుకిచ్చేశావు?"

"కొత్తదాంట్లో మనిషే వస్తుందంటే, ఇంక పేరెందుకని ఇచ్చేశా."

 దేవానందం బాక్సు విప్పి, వైరు చుట్టి, రిమోట్ కవరు నలగకుండా కాగితంలో పెట్టి ఇచ్చాడు. కొత్తది కూడా ఊరికే ఉంచుకోండి మాస్టారూ అన్నాడు. దాన్ని సంచిలోంచి తీసి అట్టపెట్టెతో సహా వాడి ముందు పడేసి వచ్చాను.

తర్వాతి ఆదివారం వాడు మా షెడ్డు బయట నిలబడ్డాడు. నాన్న లోపలికి రమ్మని పిలిచాడు. నేను బెంచీలో ఈ చివరి నుంచి లేచి ఆ చివరికి పోయాను. క్షమించాలని అయ్యగారు చెప్పారు, నాన్న చెప్పాడు, సంఘంలో పెద్దవాళ్ళంతా చెప్పారు. నేను క్షమించలేదు. అమ్మ ఉంటే వాడికి అన్నం పెట్టేదేమో, నేను అమ్మని కాదు.

పొద్దున్నే నేను ఆఫీసుకి తయారవుతుంటే నాన్న కాఫీ గ్లాసుతో టీవీ ముందు కూర్చుంటాడు. కవరులో రిమోట్‌తో ఆ వరస దాకా వెళ్ళి అమ్మ పేరు మీద ఆపుతాడు. కాఫీ అయిపోయేదాకా దాన్నే చూస్తాడు. నొక్కడు. నొక్కితే వేరేవాళ్ళొస్తారు.