ఆదివారం సెలవు పెట్టిన గుట్ట

మా మరిది తవిటయ్య మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాద్దామంటే కాగితాలు చాలవు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఆయనే వాడేశాడు. ఇప్పుడు సభల్లో ఆయన్ని పెద్ద గణితవేత్త అంటున్నారు. 1964లో మాత్రం ఒక ట్రంకుపెట్టెతో ఖరగ్‌పూర్ వచ్చి, పరిశోధన పేరు చెప్పి, ఇందా అనే పేటలో మేం అద్దెకున్న ఇంటి ముందుగది ఆక్రమించాడు. నా కుట్టుమిషను వంటింట్లోకి పోయింది. గోడమీదికి నూతుల పటం వచ్చింది.

ఆయన చదువు ఇదీ: కొన్ని చోట్ల కొలిచి, కొలవని చోట ఎంత ఉంటుందో లెక్కగట్టి చెప్పడం. దగ్గరి చోట్లకి పోలికెక్కువ, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. ఆ తగ్గడానికి ఒక పద్ధతుంది, ఆ పద్ధతి పట్టుకోవాలి. ఒకే కడుపున పుట్టిన మా ఆయనకీ ఈయనకీ పోలిక ఏ పద్ధతిలో తగ్గిందో అడుగుదామనుకున్నాను గాని, అడగలేదు.

ఇందుకోసం తొంభై నూతుల్లో నీటిమట్టం నెలనెలా కొలిచారు. పెద్దరోడ్డుకి పడమట బెంగాలీ దుకాణదార్ల ఇళ్ళు. అక్కడి నూతులు తవిటయ్య తెల్లవారగానే కొలిచేవాడు. తూర్పున మేమూ, మాలాంటి రైల్వే వర్క్‌షాపు కుటుంబాలూ. ఇటువైపువి మా ఆయన వెంకటరావు సాయంత్రం పని నుంచి వచ్చాక కొలిచేవారు. తమ్ముడు నూతిలో దూకమంటే టేపు పట్టుకుని మరీ దూకే మనిషి.

పటంలో రోడ్డు పొడుగునా నీటిమట్టం ఒక మెట్టు దిగినట్టు తేలింది. మావైపు నీళ్ళు నాలుగడుగులు కిందికున్నాయి. నేల అడుగున రాతిగుట్ట ఒకటి నీళ్ళకి అడ్డుపడిందని తవిటయ్య తీర్మానించి, థీసిస్‌లో మూడు అధ్యాయాలు ఆ గుట్ట మీదే నిలబెట్టాడు. ఫిబ్రవరిలో అది పరీక్షకులకి పోవాలి. పోతే డాక్టరేటు, దాని వెనక ఉద్యోగం, ఆ వెనక నా ముందుగది.

కాబట్టి నేను నోరు మూసుకోవాల్సింది. కాని లెక్కల్లో బి.ఏ. చదివిన నోరు.

"మావైపు నూతులు కొలిసింది సాయంత్రం గదా?" అన్నాను ఒకరోజు.

"అయితే ఏటి?"

"సైరన్ కూయగానే వర్క్‌షాపు మగాళ్ళంతా నూతికాడే గదా నీళ్ళోసుకుంతారు. ఆ మసీ నూనే ఇంట్లోకి ఎవులు రానిస్తారు? ఆ ఏలప్పుడు నీళ్ళు అడుక్కి దిగిపోతాయి. నీ గుట్ట రాయి కాదు మరిదీ, మగాళ్ళ తానం."

తవిటయ్య నవ్వలేదు. "వొదినా, నువ్వు బియ్యే సదివింది పెళ్ళి కోసం. నూతికాడ కబుర్లతోటి పరిశోధన అవ్వదు. ఎల్లి కూర సూడు, మాడుతున్నాది."

కూర నిజంగానే మాడింది. నాకు ఒళ్ళు మండింది అందుకే.

అత్తగారు నూకాలమ్మ వీధరుగు మీంచే తీర్పు చెప్పింది. "పిల్లలు నిలవక, ఈణ్ణి తవుడికి అమ్మి మళ్ళీ కొనుక్కున్నాను. ఆడి సదువుకి దిష్టెట్టకే కోడలా."

ఆ బేరంలో ఎవరికి లాభమో నేనడగలేదు.

ఆ రోజు నుంచి నాకూ తవిటయ్యకీ మాటల్లేవు. కంచం నేను చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. ఆయన చప్పుడయ్యేలా తోసేవాడు. మా ఆయన మాత్రం ఒకసారి గుసగుసగా, "నువ్వు సెప్పింది నిజవేనే. నానూ ముందు తానం సేసే కొలిసీవోణ్ణి," అన్నారు.

"ఆ ముక్క మీ తమ్ముడికి సెప్పండి."

"ఎందుకులే, ఆడికి కోపం."

జనవరి చివర ఒక ఆదివారం, తవిటయ్యకి గురువైన సాన్యాల్‌గారు భోజనానికి వచ్చారు. చేపలపులుసు రెండోసారి వడ్డిస్తూ, బెంగాలీలో అన్నాను: "మాస్టర్‌మశాయ్, పక్కింటి ఎలీసమ్మ నుయ్యి ఇప్పుడొకసారి, సాయంత్రం అయిదున్నరకి ఒకసారి కొలుస్తారా? గుట్టని నేను నమ్మడంలేదు."

తవిటయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. సాన్యాల్‌గారు పులుసు కేసి చూసి, సరేనన్నారు.

మధ్యాహ్నం నూతిగట్టు నుంచి నీళ్ళదాకా పందొమ్మిది అడుగులు. అయిదున్నరకి పందొమ్మిదింపావు.

తవిటయ్య నవ్వు వీధి చివరికి వినిపించింది. "నాలుగడుగులన్నావే వొదినా! ఏవీ? ఎవులు తాగీసినారు?"

చర్చి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ ఎలీసమ్మ నాకేసి జాలిగా చూసింది. "ఆదోరం సైరనెక్కడిదమ్మా? పన్లోకి ఎల్నోడేడి, మసెక్కడిది? ఈయేల మగాళ్ళంతా పొద్దున్నే పోసేసుకున్నారు."

నా తల కొట్టేసినట్టయింది. లెక్కల బి.ఏ.కి ఆదివారం గుర్తులేదు.

"అయిపోనాదా?" అంటూ తవిటయ్య టేపు చుట్టబోయాడు. సాన్యాల్‌గారు ఆపారు. "మొన్న మంగళవారం సాయంత్రం ఈ నూతికి నీ పుస్తకంలో ఎంతుంది?"

తవిటయ్య పుస్తకం తీశాడు. "ఇరవైమూడున్నర."

"ఇవాళ?"

తవిటయ్య పుస్తకం మూసేశాడు.

"ఆదివారం సెలవు పెట్టే గుట్టని నేనెక్కడా చూడలేదు, తవిటయ్యా."

మావైపు నూతులు మరో అయిదు కొలిపించారు. అన్నింట్లోనూ నీళ్ళు పడమటి వైపు ఎంతున్నాయో అంతే ఉన్నాయి. మెట్టు లేదు. అయిదో నూతి దగ్గర తవిటయ్య అన్న మీద విరుచుకుపడ్డాడు.

"తానం సేసి కొలుస్తున్నానని నువ్వెందుకు సెప్పనేదు?"

"నువ్వడగనేదు," అన్నారు మా ఆయన. "మసి సేతుల్తోటి నూతిలో టేపెట్టమంతావేటి?"

"నా బిడ్డని అందరూ కలిసి..." అని అత్తగారు మొదలుపెట్టింది. ఎవరూ వినలేదు.

ఫిబ్రవరి మాట మరిచిపొమ్మన్నారు సాన్యాల్‌గారు. తొంభై నూతులూ ఒకే వేళకి, ఏడాది పొడుగునా మళ్ళీ కొలవాలట. అంటే ఇంకో ఏడాది నా ముందుగది కూడా పోయినట్టే. సాన్యాల్‌గారు చెప్పులేసుకుంటూ, "ఇంతకీ తప్పెవరిది? టేపుదా?" అన్నారు.

"గుట్ట లేదండీ," అన్నాడు తవిటయ్య.

"నేనడిగింది అది కాదు."

తవిటయ్య టేపు కింద పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు. మొహంలో స్నేహమేమీ లేదు. మాట మాత్రం వీధిలో అందరికీ వినబడేలా అన్నాడు.

"తప్పు నాది వొదినా. నువ్వు సెప్పిన్నాడే ఎల్లి సూడాల్సింది. సూడనేదు. నాదే తప్పు."