ముద్దల లెక్క

సుదర్శన్ కిరాణా అంగడి ముందు నుంచి పోవాల్సి వస్తే నేను ఇప్పటికీ చుట్టు తిరిగే పోతాను. తూకంలో వాడు ఏనాడూ నన్ను మోసం చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నా ఇంట్లో మనుషులను నాకంటే బాగా లెక్కపెట్టాడు, అదే నా ఏడుపు.

జనాభా లెక్కలు మొదలయ్యాయి. మా ఊరు ఇరవై వేలు దాటితే మున్సిపాలిటీ అవుతుందని, రోడ్డు పక్క చేలన్నీ ప్లాట్లయిపోతాయని ఊరంతా ఒకటే మాట. నా చేను రోడ్డు పక్కనే. ఐదో తరగతితో బడి మానేసినా ఆ లెక్క నాకు బాగానే తెలిసింది.

టీచరు నాగలత ఫోను పట్టుకొని మా ఇంటికి వచ్చి పిల్లలెందరని అడిగింది. మా వైపు గొర్రెలనూ పిల్లలనూ ఉన్నన్ని చెప్పరు. దిష్టి తగులుతుందని ఒకటి తగ్గిస్తారు. నా భార్య సుంకులమ్మ ఇద్దరంది. మూడోది గడప మీద కూర్చొని సంగటి తింటోంది. పక్కింటి పాప అన్నాను నేను.

వారం తిరిగేసరికి ఊరి లెక్క ఇరవై వేలకు వెయ్యికి పైగా తక్కువ పడిందని తెలిసింది. ఆ సాయంత్రమే సుదర్శన్ వచ్చాడు. మున్సిపాలిటీ ఇక కలలో మాటేనని, రేపు ధర ఇంకా పడిపోతుందని, కావాలంటే ఇప్పటి చేను ధరకే తాను కొంటానని అన్నాడు. వాడు మనసు మార్చుకుంటాడేమోనని భయపడి మర్నాడే రిజిస్ట్రేషన్ చేయించాను. ఆఫీసు బయట టీ కూడా వాడే తాగించాడు.

లెక్క సరిచూసుకోవాలంటూ సోమవారం నాగలత మళ్లీ వచ్చింది. ఈసారి పిల్లల ఊసే ఎత్తలేదు.

"అక్కా, పొద్దున ఎన్ని సంగటి ముద్దలు చేసినావు?"

"ఐదు" అంది సుంకులమ్మ, చేటలో రాళ్లు ఏరుతూ.

"మనిషికి ఒకటేనా?"

"ఒకటేనమ్మా. రెండు తినే కాలం యాడుండాది?"

ముద్దలకు దిష్టి ఉంటుందని మా పెద్దలెవరూ చెప్పలేదు. నాగలత గడప వైపు చూసి పాప పేరడిగింది. మా ఆవిడ చెప్పేసింది. ఈ తెలివి ఎవరిదని నేను టీచరును అడిగితే, అంగడి సుదర్శనన్న టీచర్లందరికీ చెప్పాడంది. ఏ ఇంటికి ఎంత రాగిపిండి పోతుందో వాడికి తెలియనిదా?

ఊరు ఇరవై వేల మూడు వందలు తేలింది. మున్సిపాలిటీ బోర్డు వచ్చింది. నేను అంగడికి పోయి, ఇంత తెలిసీ నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. సుదర్శన్ బెల్లం తూచడం ఆపలేదు.

"ఏమప్పా రంగన్నా, నీ బిడ్డను నువ్వే పక్కింటిదంటివి. నేనెట్ల కాదందును?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అదే మరీ మంట.

ఇప్పుడు ఆ చేనులో కందికి బదులు ప్లాట్ల హద్దుల తెల్లరాళ్లు మొలిచాయి. నాది పోయింది ఒక ఎకరా పద్దెనిమిది సెంట్లు.