అన్న పేరు మీది కనెక్షన్

నానబెట్టిన శనగలను మూడోసారి కడుగుతుండగా అన్న ఫోన్ మోగింది. చేతులు తుడుచుకుని నేనే ఎత్తాను. అన్న అప్పటికింకా పరుగు నుంచి రాలేదు. తెల్లవారుజామున బూట్లు వేసుకుని "పోయొస్త చెల్లె" అంటాడు, నేను పొయ్యి దగ్గర నుంచే "ఊ" అంటాను. అతను తిరిగి వచ్చేసరికి గడప పక్కన గిన్నెలో పిడికెడు శనగలు, ఒక బెల్లం ముక్క ఉండాలి. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యాక కూడా పరుగు మానలేదు. ట్రైనింగ్‌లో మొదటి వారమే సగం మంది కూలబడతారని ఎవరో చెప్పారట.

ఫోన్లో ఆడ గొంతు. సైబర్ క్రైమ్ స్టేషన్ నుంచి ఎస్సై యమున అని చెప్పి, శ్రీకాంత్ ఎవరని అడిగింది. మా అన్న అన్నాను. ఇంట్లో ఉన్న ఫోన్లు, లాప్‌టాప్ పట్టుకుని పన్నెండింటికల్లా అతన్ని రమ్మంది. ఇంటర్నెట్ కనెక్షన్ అతని పేరు మీదే ఉందా అని మళ్ళీ అడిగింది. ఉంది అన్నాను.

కనెక్షన్ అన్న పేరు మీద ఎందుకుందంటే, తీగ లాగడానికి మనిషి వచ్చిన రోజున ఆధార్ జిరాక్స్ అడిగితే టీవీ కింద దొరికింది అన్నదే. బాపుది బీరువాలో ఉంది. వెతకడానికి నాకు బద్ధకమైంది.

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. నాకు ఊహ తెలిసేలోపే మా పొలం ప్లాట్లయిపోయింది. మా బాపు జనార్ధన్ ఇప్పుడు వేరేవాళ్ళ ప్లాట్లు చూపిస్తూ తిరుగుతాడు. అమ్మ పోయాక వంటిల్లు నా చేతికి వచ్చింది. పై వాటాలో విశ్వతేజ అని కాకినాడ వైపు అతను అద్దెకుంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంట్లోనే కూర్చుని చేస్తాడు. నేను తేజన్న అని పిలుస్తాను.

అన్న మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తూ పరీక్షకు చదివాడు. సుచిత్ర చౌరస్తాలో కోచింగ్‌కు ఒక నెల పోయి, డ్యూటీ దిగి వచ్చి క్లాసులో నిద్రపోతున్నానని మానేశాడు. ఆ సెంటర్ పాఠాలు వీడియోలుగా కొనుక్కోవచ్చు. వాటి దొంగ కాపీలు ఎక్కడ దొరుకుతాయో పరీక్ష రాసేవాళ్ళందరికీ తెలుసు. అందరూ ఊరికే దింపుకుంటుంటే కొన్నవాడు పిచ్చివాడిలా కనిపిస్తాడు. అన్నతో కలిసి పరుగెత్తే సుజిత్ తను దింపుకున్న చోటు చెప్పాడు. అన్న డ్యూటీలో ఉన్నప్పుడు వాటిని లాప్‌టాప్‌లోకి దింపి, వరసగా పేర్లు పెట్టి ఉంచడం నా పని.

భయం మాత్రం నాదే. పోలీసు ఉద్యోగానికి చదివేవాడి ఇంట్లో దొంగ వీడియోలు దొరికితే ఎట్లా అనిపించేది. ఇట్లాంటివి దింపుకునేటప్పుడు వీపీఎన్ అనే యాప్ వేసుకోవాలని, అది ఉంటే మనం ఏ ఇంటి నుంచి నెట్టులోకి పోతున్నామో ఎవరికీ తెలియదని ఎక్కడో చదివాను. మెట్ల మీద తేజన్న ఎదురైతే, అది తప్పనిసరా అని అడిగాను.

అతను నవ్వాడు. "లెక్కల క్లాసుల కోసం మీ ఇంటికెవరొస్తారమ్మా? అవసరం లేదు." రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగాడు. "వేసుకున్నా నష్టం లేదులే."

గొళ్ళెం పెట్టాక కూడా ఒకసారి లాగి చూసే మనిషిని నేను. నష్టం లేదన్నాడు కదా అని ఉచితంగా వచ్చేది ఒకటి వేసుకున్నాను. తెరిస్తే మూలన పచ్చ తాళం బొమ్మ వెలిగేది. అది వెలిగితేనే నా మనసు కుదుటపడేది.

పరీక్ష అయింది. ఫలితాలు వచ్చాయి. అన్న కంపెనీలో రాజీనామా ఇచ్చాడు. స్పెషల్ బ్రాంచ్ నుంచి జైపాల్ అనే కానిస్టేబుల్ మా ఇంటికి విచారణకు వచ్చి, ఇరుగుపొరుగును అడిగి, మా ఇంట్లో చాయ్ తాగి, ఒక ఫారం మూడు కాపీలు నింపి ఇమ్మన్నాడు. అందులో ఒక ప్రశ్న, మీ మీద ఎప్పుడైనా ఏదైనా కేసు నమోదైందా అని. అన్న ఆ రోజే "లేదు" అని రాసి ఇచ్చేసేవాడు. శుక్రవారం మంచిది, అప్పుడు ఇద్దామని బాపు ఆపాడు. ఫోన్ వచ్చింది మంగళవారం.

బాపు, అన్న బండి మీద స్టేషన్‌కు పోయి మూడింటికి తిరిగి వచ్చారు. లాప్‌టాప్ లేదు, అన్న ఫోను లేదు. బాపు చెప్పిన మాటలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. కరీంనగర్ వైపు డిగ్రీ చదివే ఒక ఆడపిల్ల ఫొటోలను ఎవరో చెడ్డగా మార్చి, ఆమె పేరుతోనే దొంగ ఖాతా తెరిచి, అందులో పెట్టారట. పోయిన నెల మూడు మధ్యాహ్నాలు. ఆ మూడుసార్లూ పెట్టింది మా ఇంటి కనెక్షన్ నుంచేనట. ఆ పిల్ల కాలేజీ మానేసింది.

అన్నం వడ్డించాను. బాపు అన్న వైపు చూడలేదు. పప్పు గిన్నె వైపు చూస్తూ అడిగాడు.

"నాకు నిజం జెప్పు కొడుకా. గా పని నువ్వు జేసిందేనా?"

అన్న కలిపిన ముద్ద కంచంలో అట్లాగే ఉంది. చెంబు తీసుకుని కంచంలోనే చెయ్యి కడిగేశాడు. బాపు కూడా తినలేదు. ఇద్దరి కంచాలు ఎత్తి బయట పెట్టాను.

మధ్యాహ్నాలు ఆ లాప్‌టాప్ ముందు కూర్చునేది నేను. నేనైతే ఎవరి ఫొటోలూ పెట్టలేదు. మరి మా ఇంటి నుంచి ఎట్లా పోయాయి? ఆ సాయంత్రం పైకి వెళ్ళి తేజన్నకు చెప్పాను. ఏ యాప్ వేసుకున్నానని అడిగాడు. పేరు చెప్పాను. తన కంప్యూటర్లో వెతికి చాలాసేపు చదివాడు. చదువుతున్నకొద్దీ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఊరికే ఇచ్చేవాళ్ళు ఊరికే ఇవ్వరమ్మా" అన్నాడు. "మిమ్మల్ని వేరేవాళ్ళ దారిలో పంపించి, మీ ఇంటి దారిని ఇంకెవరికో ఇస్తారు. మీరది వేసుకున్నంతసేపూ ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మీ ఇంట్లోంచి వెళ్తున్నట్టే లెక్క. వాడేం చేసినా మీ పేరు మీదే ఉంటుంది."

మొదట్లో ఒక పొడుగాటి కాగితం చూపించి ఒప్పుకుంటున్నారా అని అడిగింది ఆ యాప్. ఒప్పుకున్నానని నొక్కాను. అందరూ నొక్కుతారు.

దిగి వస్తుంటే తేజన్న తలుపు దాకా వచ్చాడు. స్టేషన్లో తన పేరు రానివ్వొద్దని, ఆఫీసులో తెలిస్తే బాగుండదని నెమ్మదిగా చెప్పాడు. సరే అన్నాను. అతను ఉచితంది వేసుకోమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

కిందికి వచ్చి అన్నకు, బాపుకు అంతా చెప్పాను. బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తుడుచుకుని, ఆ తువ్వాలు ముఖం మీదే పెట్టుకున్నాడు. అన్న మాత్రం మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. ఆ రోజంతటిలో మొదటిసారి అతని ముఖంలో రంగు చూశాను. "అయితే ఇగ రేపే పోయి చెప్పుదాం. పాఠాలు దొంగతనంగ జూసిన్నంటే తిట్టనీ. గా పిల్ల సంగతి నాది గాదని తెలుస్తది గదా" అన్నాడు.

మరునాడు స్టేషన్‌కు పోయాం. ఎస్సై యమున ముప్పై దాటని మనిషి. కుర్చీ చూపించి కూర్చోమంది. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విని, కాగితం మీద రాసుకుంది.

"వీపీఎన్ ఎందుకు వేసుకున్నవమ్మా?"

"భయమై, మేడం."

"ఎవరి భయం?"

పాఠాల కోసం వేసుకున్నానని మరోసారి చెప్పాను. ఆమె ఫైలులో రెండు కాగితాలు తిప్పి, పరీక్ష ఎప్పుడైందని అన్నను అడిగింది. అన్న చెప్పాడు.

"ఈ ఫొటోలు పెట్టింది పోయిన నెల. పరీక్ష అయిపోయి శాన రోజులాయె. ఇంకేం పాఠాలు దింపుతున్నరు?"

గోడ మీద ఫ్యాను తల తిప్పి మా వైపు వచ్చి, మళ్ళీ అటు పోయింది.

"సినిమాలు" అన్నాను.

అన్న పరీక్ష అయ్యాక లాప్‌టాప్ ఖాళీగా ఉండేది. అన్నం తిని అన్న ముందు గదిలో పడుకుంటే, నేను వెనక గదిలో తలుపు దగ్గరేసి, చెవుల్లో తీగ పెట్టుకుని, కొత్త సినిమాలు దింపుకుని చూసేదాన్ని. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అయినా చెప్పలేదు. అది ఒక్కటే నాదని ఉండేది.

అన్న నా వైపు చూశాడు. కోపం లేదు. తీసివేతలో తప్పు ఎక్కడ పడిందో దొరికినప్పుడు చూసినట్టు చూశాడు, అంతే. తరువాత బల్ల వైపు తిరిగాడు.

అన్న పేరు తీసేసి నా పేరు రాయమన్నాను. నా మాట నిజమే కావచ్చు అంది ఎస్సై. కానీ ఆ మాట తను కాదు, లాప్‌టాప్ చూసి ల్యాబ్ వాళ్ళు చెప్పాలట. వాళ్ళ దగ్గర ఇట్లాంటివి గదుల నిండా ఉన్నాయట. ఎనిమిది నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా కేసులో కనెక్షన్ ఎవరిదో వాళ్ళ పేరు ఉంటుంది. నా పేరు కింద కలుపుతానంది. పైన ఉన్నది పోదు.

లేచేటప్పుడు ఆమె అన్నను ఆపి ఒక మాట చెప్పింది. "నీ ఫారంల లేదని రాయకు తమ్మీ. ఇప్పుడు దాచి పెట్టి రేపు బయటపడితే, ఇగ ఏ ఉద్యోగానికీ పనికిరావు. ఉన్నదని రాయి."

శుక్రవారం వచ్చింది. బాపు మంచిదన్న రోజు. అన్న బల్ల దగ్గర కూర్చుని మూడు కాపీల్లోనూ "ఉంది" అని రాశాడు. అన్న అక్షరాలు గుండ్రంగా బాగుంటాయి. మూడు చోట్లా ఒకేలా ఉన్నాయి. జైపాల్ వచ్చి గేటు బయటే నిలబడి కాగితాలు తీసుకున్నాడు. చాయ్ పెట్టానంటే, ఇప్పుడే తాగిన్నని చెప్పి బండి ఎక్కాడు. గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది.

పది రోజులకు కబురు వచ్చింది. కేసు తేలేదాకా అన్న ఉద్యోగం పెండింగ్. ఈ బ్యాచ్‌లో ట్రైనింగ్‌కు లేదు. మళ్ళీ నోటిఫికేషన్ పడేనాటికి అతనికి వయసు దాటిపోతుంది.

ట్రైనింగ్‌కు పోయే ముందు రోజు సుజిత్ వచ్చాడు. జుట్టు పూర్తిగా కత్తిరించుకున్నాడు. అన్న భుజం మీద చెయ్యి వేసి, నువ్వు వెనక బ్యాచ్ల వస్తవ్ లే అని రెండు మూడుసార్లు అన్నాడు. అన్న అతనికి ట్రైనింగ్ కోసం కొనుక్కున్న తన కొత్త నల్ల బూట్లు ఇచ్చేశాడు. ఇద్దరిదీ ఒకటే సైజు. సుజిత్‌ను సాగనంపడానికి గేటు దాకా పోయినప్పుడు అడిగాను, నువ్వు ఆ వీడియోలు దింపుకునేటప్పుడు ఎప్పుడైనా వీపీఎన్ వేసుకున్నావా అని.

"అదేంది?" అన్నాడు సుజిత్.

ఏమీ లేదన్నాను.

ఆ తరువాత అన్న పరుగుకు పోవడం మానేశాడు. ఇంట్లో ఒక వస్తువులా, ఎవరైనా కదిలిస్తే తప్ప కదిలేవాడు కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు. బాపు ఒకటి రెండుసార్లు అతని మంచం దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు అట్ల అడిగినందుకు ఏదో చెప్పాలని వచ్చినట్టే ఉండేది. "కేసు కొట్టేస్తరు లే కొడుకా" అని మాత్రం అనగలిగాడు. అన్న తలూపాడు. అడగకూడని మాట అడిగేసిన మనిషికి, అడిగించుకున్న మనిషికి మధ్య ఏం ఉంటుందో నేను రోజూ అన్నం వడ్డిస్తూ చూశాను.

కరీంనగర్ పిల్ల గురించి కూడా ఆలోచిస్తాను. ఆమె పేరు నాకు తెలియదు. ఆమెకు మాత్రం అన్న పేరు తెలిసే ఉంటుంది. జీవితాంతం గుర్తుంటుంది.

సోమవారం పొద్దున, చెప్పకుండానే, అన్న మందుల కంపెనీ చొక్కా వేసుకున్నాడు. మళ్ళీ పనిలో పెట్టుకున్నారని అప్పుడే తెలిసింది. ఉతికినా దాని మీది పచ్చటి మరకలు పోలేదు. నేను గబగబా అన్నం, పచ్చడి టిఫిన్ బాక్సులో సర్ది మూత బిగించి గడప దగ్గర పెట్టాను. అలవాటు కొద్దీ రాత్రి నానేసిన శనగలు కూడా పక్కన పెట్టాను, బెల్లం ముక్కతో.

అన్న వంగి బాక్సు తీసుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. నేను పొయ్యి దగ్గరకు వచ్చేసి, మంట తగ్గించి, చెవులు అటే పెట్టి నిలబడ్డాను. "ఊ" అనడానికి నోరు సిద్ధంగా ఉంది.

గేటు తెరుచుకుంది. గేటు మూసుకుంది.