హద్దురాయి దగ్గర ఆగే బస్సు

పెరుగు డబ్బా మూత కోసం ఆ ఆదివారం పొద్దున అత్తమ్మకూ నాకూ మాటామాటా పెరిగింది.

"మూత లేకుంటే చీమలు పట్టవా? ఏడ పడేసినవ్?"

"నేనేం పడేయలే అత్తమ్మా. చిన్నత్తమ్మకు తొక్కు పంపిన డబ్బకు మీరే ఆ మూత పెట్టి పంపిన్రు."

"నాకు యాది లేదా? చదువుకున్నదానివి, ఏ డబ్బ మూత ఆ డబ్బకు చూసుకోవద్దా?"

నా వంటింట్లో ఏ డబ్బాకు దాని మూతే ఉంటుంది. అందుకే ఆ మాట గుచ్చుకుంది. "ఇప్పుడే పోయి తెస్త" అని చీర మార్చుకున్నాను.

మా ఆయన గోవిందు పేపరు దించకుండానే నవ్వాడు. "మూత కోసం గుట్ట దాకా పోతవా? ఆగు, కారుల పోదువు."

"మీరు ఏయించిన బస్సు ఉండంగ కారెందుకు?" అన్నాను, గర్వంగానే.

ఆయన మా వార్డు కౌన్సిలర్. మా ఊళ్లో ఇళ్లు లేనివాళ్లకు సర్కారు ఇళ్లు మంజూరయ్యాయి కానీ, కట్టడానికి జాగా లేదు. పక్క పంచాయతీలో గుట్ట మీద జాగా ఉంది, వాళ్లు ఒప్పుకోరు. ఉమ్మడి సమావేశంలో మా ఆయన లేచి, "ఇండ్లు మీ దిక్కు, బస్సు మా బాధ్యత" అన్నాడట. దాంతో కుదిరింది. శాలువాలు కప్పారు. ఎట్ల ఒప్పించినవని గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్లు వచ్చాయి. బస్సు ఇప్పటికి తాత్కాలికంగా నడుస్తోంది, దారి ఖాయం చేసే మీటింగ్ మర్నాడే ఉంది. అత్తమ్మ చెల్లెలు పార్వతమ్మకు, అదే మా చిన్నత్తమ్మకు, కూడా ఆ గుట్ట మీదే ఇల్లు వచ్చింది. మా వెనక వీధిలో కిరాయి గదిలో ఏళ్ల తరబడి ఉన్న మనిషి. ఇల్లు చేరిన రోజు కారులో వెళ్లి చూసి వచ్చాను. మళ్లీ పోలేదు.

బస్సులో కండక్టర్‌ని గుట్ట కాలనీకి టికెట్ అడిగాను.

"గుట్ట మీదికి పోదమ్మా. హద్దురాయి కాడ దింపుత."

"ముందట బోర్డు మీద గుట్ట కాలనీ అనే ఉంది కద?"

"బోర్డు పోతది. బస్సు పోదు" అన్నాడు. వెనక సీట్లోవాళ్లు నవ్వారు.

దిగినచోట కొత్త షెల్టరు, దాని మీద ఎర్రరంగుతో మా ఆయన పేరు. చుట్టూ ఒక్క ఇల్లు లేదు. బీడు భూమిలో వరసగా పాతిన ప్లాటు రాళ్లు మాత్రం ఉన్నాయి. కాలనీ ఎక్కడో పైన, ఎండలో తెల్లగా కనబడుతోంది. ఊరికి పోయే బస్సు కోసం కొందరు ఆడవాళ్లు నీడన కూర్చున్నారు. అందులో నిండు చూలాలు ఒకామె, పేరు శైలజ అని మాటల్లో తెలిసింది, చెప్పులు విప్పి పాదాలు ఒత్తుకుంటోంది.

"బస్సు ఈడనే ఎందుకు ఆగుతది?" అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

"ఊరి హద్దు ఈడికే అయిపాయెనట అక్కా. బస్సుకు గూడ పాస్‌పోర్టు గావాలె గద" అంది శైలజ.

పక్కనున్న పెద్దామె చెయ్యి విసిరింది. "హద్దు లేదు, ఏం లేదు. గా కౌన్సిలర్ ప్లాటు ఈడుంది. పెండ్లాం పేరు మీద కొన్నడట. ఆ తల్లి బంగ్లా కట్టుకుంటే గడప దిగంగనే బస్సుండాలె గద!"

"ఆమె కారుల తిరుగుతది, బస్సెందుకే?"

"బస్సు ఆగితే ప్లాటు ధర పెరుగుతది. గది గూడ తెల్వదా నీకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను, అంతలో గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం వనపర్తిలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్లి, "నీ పేరు మీదనే" అన్నాడు మా ఆయన. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, ఐస్‌క్రీం తిని ఇంటికొచ్చాను. ఎక్కడని అడగలేదు.

"మీదే ఊరక్కా?" అంది శైలజ.

చేతిలోని టికెట్ మడతపెడుతూ తల దించుకున్నాను. అప్పుడే గుట్ట దిగి వచ్చింది చిన్నత్తమ్మ, చేతిలో కట్టె, చంకలో మూట. నన్ను చూసింది, వాళ్ల మొహాలు చూసింది. వచ్చేదారిలో వాళ్ల నవ్వు ఆమెకు వినపడే ఉంటుంది.

"మా అక్క కోడలు. నన్ను చూడనీకె వచ్చింది" అంది. ఎవరి పెళ్లాన్నో చెప్పలేదు. నన్ను చెయ్యి పట్టి అవతలికి తీసుకుపోయింది.

"ఆ మూటేంది చిన్నత్తమ్మా?"

"తెలకపల్లికి పోత బిడ్డా, తమ్ముని కాడికి. షుగర్ సూదికి దవాఖానకు పోవాలె. గుట్టెక్కి దిగేవరకు మోకాళ్లు పనిచేస్తలేవు. తాళమేసి ఉంటే ఇల్లు ఇంకొకలకు ఇస్తరట. ఇచ్చుకోనీ."

"ఆయనకు చెప్పలేదా?"

"చెప్పిన. హద్దు దాటితే మా చేతుల లేదు పిన్నీ అన్నడు. నువ్వు గిట్ట కొట్లాడకు." మూట విప్పి స్టీలు మూత తీసింది. "ఇగో, పోతపోత మీ ఇంట్ల ఇద్దమనుకున్న. ఇది లేకుంటే నీకు నిద్ర పట్టదని తెల్సు."

మూత తోమి ఉంది, అద్దంలా. దాన్ని చేతిలోకి తీసుకోవడానికి సిగ్గేసింది.

"రేపొక్క పూట ఆగు చిన్నత్తమ్మా. తాళం నీ దగ్గరే పెట్టుకో" అన్నాను. ఆమె మూట మళ్లీ కట్టుకుని గుట్ట దిక్కు వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం అత్తమ్మా, మా ఆయనా అన్నాలకు కూర్చున్నారు. "దొరికిందా మూత?" అన్నాడు మా ఆయన.

"దొరికింది." పప్పు వడ్డించాను. "రేపు బస్సు దారి ఖాయం చేసే మీటింగ్ ఉంది కద. నేను గూడ వస్త."

"నువ్వెందుకు?"

"హద్దురాయి కాడి ప్లాటు నాదని చెప్పనీకె. బస్సు గుట్ట మీదికి పోవాలె, నా ప్లాటు ముందట ఆగుడు నాకక్కర లేదని చెప్త. నాకన్న ముందు మీరే చెప్తే నేను సప్పుడు చెయ్య."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. "నలుగురిల నా ఇజ్జత్ తీస్తవా?"

"నాది పొద్దుగాలనే పోయింది. మీ పేరు రాసిన నీడల కూసోని, నేనెవరో చెప్పుకోలేకపోయిన. చిన్నత్తమ్మ మూట కట్టుకొని గుట్ట దిగుతుంటే చూసిన."

అత్తమ్మ తల ఎత్తింది. చెల్లెలి సంగతి ఆమెకు తెలియదు. కొడుకు వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. చెల్లెలు మొర పెట్టుకున్న సంగతి కొడుకు దాచాడని ఆమెకు అర్థమైంది.

పెరుగు డబ్బా తనవైపు జరుపుకుని మూత తీసింది.

"రేపు నేను గూడ వస్త సుమనా" అంది. "కారు వద్దు. బస్సుకే పోదం."